చలికాలంల ఇంటి చెట్లకు ఏం చేయాలె, ఏం చేయొద్దు – వరంగల్ దిక్కు ఉన్నోళ్లకు

దీపావళి పోయి నాలుగు రోజులు కాంగనే మొదలైతయ్ ప్రశ్నలు. సీతాఫలం ఆకులన్నీ రాలినయ్ చచ్చిపోయిందా, జామాకులు ఎర్రగైతున్నయ్ ఏం మందు కొట్టాలె, మామిడికి రోజూ నీళ్లు పోస్తున్నం ఐనా పూత ఎందుకు రాదు, చలికి చెట్టుకు బస్తా చుట్టాల్నా వద్దా. ప్రతి సంవత్సరం ఇవే అడుగుతున్నరు, అందుకే అన్నీ ఒక్క దగ్గర రాస్తున్న, ఇంటి ముందట రెండు చెట్లున్నోళ్లకైనా వెనక పెరట్ల పది చెట్లున్నోళ్లకైనా పనికొస్తది.

ముందుగాల ఒక మాట. ఢిల్లీ, పంజాబ్ వాళ్ల వీడియోలు చూసి మనం ఆగం కావద్దు. అక్కడ మంచు గడ్డకట్టి ఆకులు మాడిపోతయ్, వాళ్ల బాధ వేరు. మన వరంగల్, హనుమకొండ, జనగామ దిక్కు చలికాలం రాత్రులు మామూలుగా 14–16 డిగ్రీలుంటది, గట్టిగ కొట్టిన రోజుల్ల 10 దగ్గరికి దిగుతది. ఈ చలికి పెద్ద చెట్టు ఏదీ చావదు. మన దగ్గర చలికాలంల చెట్టు పాడైందంటే ఎక్కువ సార్లు కారణం మనమే: అవసరం లేని నీళ్లు, అవసరం లేని కత్తెర, అవసరం లేని యూరియా. కాబట్టి కింద రాసిన స్టెప్పుల్ల సగం "ఆపండి" అనే ఉంటయ్, ఏం చేయకుండ కూసుంటే ఎట్ల అని భయపడకండి. ఆదిలాబాద్, ఆసిఫాబాద్ వాళ్లది కొంచెం వేరు, సిర్పూర్ దిక్కు చలి మస్తు పడ్తది, వాళ్లకు 9వ స్టెప్పుల చెప్పిన.

కావాల్సినవి

పెద్ద లిస్టేం లేదు. పార, చిన్న గడ్డపార లేదా రెండు ఫీట్ల ఇనుప చువ్వ, పదునైన కత్తెర, చిన్న రంపం. వరిగడ్డి ఒక మోపు (వానాకాలం కోతలైనంక ఊర్లల్ల అడిగితే ఊరికెనే ఇస్తరు) లేదా ఎండిన ఆకులు. మాగిన పశువుల ఎరువు, వేపపిండి (వేపగింజల నూనె తీసినంక మిగిలే చెక్క) రెండు మూడు కిలోలు. మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) 100 గ్రాములు, సున్నం 100 గ్రాములు. వేపనూనె, బట్టల సబ్బు కాదు మామూలు ఒంటి సబ్బు ముక్క. పాత గోనె సంచులు రెండు మూడు, మిర్చి బస్తాలు వద్దు, ఆ ఘాటుకు మీ పానమే పోతది.

1. నీళ్లు పోసే ముందు మట్టి చూడండి

ఇది అన్నిటికన్నా ముఖ్యం, దీన్నే ఎవ్వరు చెయ్యరు. పైన మట్టి ఎండినట్టు కనపడ్తది, మనం పైపు వదుల్తం, లోపల మాత్రం ఇంకా బురదే ఉంటది. 2025 అక్టోబర్ ఆఖర్ల మొంథా తుఫానుకు హనుమకొండల కాలనీలకు కాలనీలే మునిగినయ్ గదా, అసొంటి వాన పడ్డ సంవత్సరం రేగడి నేలల నవంబర్ అంతా పెద్ద చెట్లకు చుక్క నీళ్లు అక్కర లేదు.

ఎట్ల చూడాలె: మొదలు నుంచి రెండు ఫీట్ల దూరంల జానెడు లోతు తవ్వి పిడికెడు మట్టి తీసి గట్టిగ పిసకండి. ఉండ అయ్యి, ఇరగకుండ నిలబడ్డదంటే నీళ్లు వద్దు. ఉండ అయ్యి, వేలు పెట్టంగనే పొడి పొడి అయితే రెండు మూడు రోజుల్ల పోయొచ్చు. అసలు ఉండే కాకుంటే ఇయ్యాల్నే పోయండి. ఎర్ర చెల్క, దుబ్బ నేలల తొందరగ ఆరుతది, నల్ల రేగడిల వారం పది రోజులు ఎక్కువ ఆగుతది, అందుకే పక్కింటోళ్లు పోసిండ్రని మనం పోసుడు కాదు.

గుర్తు పెట్టుకోవాల్సింది ఒకటుంది: మట్టి తడిగనే ఉంది, ఐనా ఆకులు వాడిపోయినట్టు వేలాడుతున్నయ్ అంటే అది దాహం కాదు, వేర్లకు ఊపిరి ఆడ్తలేదు. అందరూ ఇక్కడ్నే ఇంకో బిందె పోస్తరు, చెట్టు పని అయిపోతది. అప్పుడు చేయాల్సింది పాదుకు గండి కొట్టి నీళ్లు బయటికి తీసుడు, పైన మట్టి గుల్ల చేసుడు, ఆరేదాక ఆగుడు.

2. పాదును మొదలు దగ్గర నుంచి బయటికి జరపండి

చానా ఇండ్లల్ల మొదలుకు ఆనుకొనే చిన్న గుంత ఉంటది, అందుల్నే నీళ్లు, అందుల్నే ఎరువు, అందుల్నే చాయపత్తి. పెద్ద చెట్టు నీళ్లు తాగే సన్న వేర్లు అక్కడ ఉండయ్. మిట్ట మధ్యాహ్నం కొమ్మల నీడ ఏడిదాక పడ్తదో చూసి ఆ అంచు మీద గుండ్రంగ జానెడు వెడల్పు, నాలుగైదు ఇంచుల లోతు కాలువ తీయండి. మొదలు దగ్గర మట్టి కొంచెం ఎత్తుగ పోసి వాలు బయటికి ఇయ్యండి. బొప్పాయి, నిమ్మకు ఇది తప్పదు, కాండానికి నీళ్లు తగిలితే కుళ్లు వస్తది. తవ్వేటప్పుడు వేర్లు తెగకుండ పైపైన తవ్వండి, గడ్డపార దింపకండి.

జాగ లేదు, చుట్టు టైల్స్ వేసినం అనేటోళ్లు కనీసం మొదలు చుట్టు రెండు ఫీట్లు సిమెంటు తీపియ్యండి. అది కూడ కుదరదంటే ఈ స్టెప్పు వదిలేయండి, నీళ్లు మాత్రం సన్నగ, మెల్లగ ఇడవండి.

3. ఏ చెట్టుకు ఎన్ని నీళ్లు

టైం: పొద్దున ఎండ వచ్చినంక, ఎనిమిది తొమ్మిదింటికి. సాయంత్రం పోస్తే రాత్రంతా మొదలు తడిగ సల్లగ ఉంటది, బూజు తెగుళ్లకు అది పండుగ. పొద్దున్నే ఐదింటికి మిద్దె మీది ట్యాంకు నీళ్లు పోయకండి, ఐసులెక్క ఉంటయ్. బోరు నీళ్లు అప్పుడే తోడినయ్ వెచ్చగుంటయ్, అవి పర్వాలేదు.

మామిడి. ఎక్కువ అడిగేది దీని గురించే కాబట్టి ఇక్కడ జర నిదానంగ చదవండి. కాపుకొచ్చిన చెట్టు, అంటే నాటి ఐదేండ్లు దాటింది, దానికి నవంబర్ మొదలు నుంచి నీళ్లు బంద్ పెట్టాలె. బంద్ అంటే బంద్. పూత వచ్చి పిందె బఠాణీ గింజంత అయ్యేదాక పోయొద్దు. మామిడికి ఈ కాలమంతా ఉపవాసం లెక్క, సల్లదనం, ఎండు నేల రెండూ దొరికితేనే కొసల్ల పూమొగ్గ కడ్తది. నీళ్లు, యూరియా దొరికితే పూతకు బదులు రాగి రంగు చిగురు వేస్తది, చూడనీకె అందంగనే ఉంటది కానీ ఆ కొమ్మకు ఆ సంవత్సరం కాయ లేనట్టే.

"మేం నీళ్లు పోస్తలేం అన్నా, ఐనా చిగురే వస్తుంది" అంటరు చానామంది. పోయి చూస్తే బట్టలుతికిన నీళ్లో, బాసండ్ల మోరీనో మామిడి మొదట్లకే పారుతుంటది. ఆ మోరీ నీళ్లను నవంబర్ నుంచి అరటి దిక్కు మళ్లించండి, సబ్బు నీళ్లు అరటి తట్టుకుంటది.

పూత వస్తదా చిగురు వస్తదా ముందే తెలుసుకోవచ్చు. డిసెంబర్ల చేతికందే కొమ్మ వంచి కొస మొగ్గను దగ్గర్నుంచి చూడండి. లావుగ ఉబ్బి, పైన పొలుసులు విచ్చుకుంటున్నట్టు ఉంటే పూత. సన్నగ మొన తేలి పొడుగ్గ సాగుతుంటే చిగురు. చెట్టంతా ఒక్కతీరుగ ఉండదు, నాలుగు దిక్కులా చూడండి. తూర్పు దిక్కు పూత, పడమర దిక్కు చిగురు వచ్చుడు కూడ మామూలే. పోయిన సంవత్సరం విరగ్గాసిన చెట్టు ఈ సంవత్సరం రెస్టు తీసుకుంటది, బంగినపల్లికి ఈ గుణం ఉంది, దానికి మందుల దుకాణంల "పూత మందు" అని ఇచ్చేటియి కొనుక్కొచ్చి పోయకండి, ఇంటి చెట్టుకు ఆ అవసరం లేదు, మోతాదు తప్పితే చెట్టు గిడసబారిపోతది.

పిందె బఠాణీ గింజంత అయినంక నీళ్లు మొదలు పెట్టాలె, ఫస్టు సారి తక్కువ, వారం పది రోజులకు ఇంకొంచెం ఎక్కువ. ఒక్కసారే పాదు నింపితే పిందె రాలుతది. రెండు మూడేండ్ల చిన్న మామిడికి ఈ ఉపవాసం లేదు, వారానికోసారి రెండు బకెట్లు పోయండి, పూత వస్తే గిల్లేయండి. అవును, మనసొప్పదు, ఐనా గిల్లాలె.

నిమ్మ. ముందు చెట్టు మీద పిందెలున్నయా లేవా చూడండి. ఆశ్వయుజం, కార్తీకంల పూసిన పూతకు పిందెలుంటే నీళ్లు ఆపొద్దు, ఎండాకాలం నిమ్మకాయ ఒక్కోటి ఏ ధర పలుకుతదో తెల్సు గదా, అప్పుడు చేతికొచ్చేటియి అవే. పది రోజులకోసారి పోస్తుండండి. పిందెలే లేని చెట్టైతే డిసెంబర్ల మూడు నాలుగు వారాలు నీళ్లు ఆపి ఆకులు జర వాడినట్టయ్యేదాక ఎండగట్టండి, చెట్టు మొత్తం ఆకు రాల్చేదాక తీసుకపోవద్దు. సంక్రాంతికి పాదు గుల్ల చేసి ఎరువేసి తేలికగ ఒక తడి, వారానికి నిండుగ ఇంకో తడి. పదిహేను ఇరవై రోజుల్ల పూత కనపడాలె.

జామ ఇప్పుడే కాపు మీద ఉంటది, చలికాలం జామకాయకు ఉన్న రుచి వానాకాలం కాయకు ఉండదు, పురుగు కూడ తక్కువ. ఎనిమిది పది రోజులకోసారి నీళ్లు కావాలె, ఎండగడితే కాయ గట్టిపడి పగులుతది.

సీతాఫలం కాయలైపోయినంక నిద్రల ఉంటది, నీళ్లే వద్దు. కొబ్బరికి వారానికోసారి పాదు నిండ. అరటికి వారానికి రెండు సార్లు. బొప్పాయికి వారానికోసారి తక్కువ తక్కువ. కరివేపాకుకు పది రోజులకోసారి, కుండీల ఉంటే నాలుగైదు రోజులకోసారి, అది కూడ వేలు పెట్టి చూసినంకనే. సపోటా, ఉసిరి, వేప, కానుగ పెద్దయ్ అయితే వాటి జోలికే పోకండి.

నీళ్లు సరిపోయినయా ఎట్ల తెల్వాలె: పోసిన తెల్లారి ఇనుప చువ్వను చేతితోని గుచ్చండి, తడి ఉన్నంత లోతు మెత్తగ దిగి పొడి నేల తగలంగనే ఆగుతది. పెద్ద చెట్టుకు ఫీటున్నర దిగాలె. నాలుగు ఇంచులకే ఆగితే మీరు రోజూ పోస్తున్నా వేర్లకు అందుతలేదు, తక్కువ సార్లు ఎక్కువ పోయండి.

4. గడ్డి కప్పండి, కానీ మొదలుకు ఆనియ్యకండి

పాదు మీద మూడు నాలుగు ఇంచుల మందం వరిగడ్డి గానీ ఎండుటాకులు గానీ పరిస్తే తడి ఆరదు, రాత్రి నేల సల్లబడదు, నీళ్లు పోసుడు సగం తగ్గుతది. కాండం చుట్టు జానెడు జాగ ఖాళీ ఇడవాలె.

హెచ్చరిక: మన ఎర్ర నేలల చెదలు ఎక్కువ, వాన పోయి నేల ఎండంగనే పైకొస్తయ్. గడ్డి వేసినంక పదిహేను రోజులకోసారి ఒక పక్క లేపి చూడండి. మట్టి గూళ్లు, తెల్ల పురుగులు కనపడితే గడ్డి తీసేసి ఎండపెట్టి, పాదుల వేపపిండి అరకిలో కలిపి, కాండం మీదికెక్కిన మట్టిని గోనె ముక్కతోని రుద్ది తీసేయండి. చెదలు మరీ ఎక్కువున్న జాగల గడ్డి ఆలోచనే మానుకొని పైపైన మట్టి గుల్ల చేసి ఇడిసిపెట్టండి, అదీ ఒక తీరు కప్పే.

ఆకులు ఊడ్చి కాలబెట్టుడు బంద్ చేయండి. ఇంకో ముచ్చట, చెట్టు కింద చలిమంట వేసుకోవద్దు. వేప చెట్టు కింద కూసొని మంట కాగుడు మనకు అలవాటే, కానీ ఆ సెగకు ఒక పక్క బెరడు మాడి ఎండాకాలం వచ్చేసరికి పగిలి ఊడొస్తది, ఆ పుండుల నుంచి పురుగు పోతది. పది ఫీట్ల అవతల వేసుకోండి.

5. కత్తెర లోపల పెట్టండి

చలికాలంల కొమ్మలు కొడితే కొత్త చిగురు వస్తది, ఆ లేత చిగురు చలికి సాగదు, మామిడి, జామకైతే వచ్చే కాయను కొట్టేసినట్టే. నవంబర్ నుంచి సంక్రాంతి దాక ఎండిన పుల్లలు, ఇరిగిన కొమ్మలు, బదనిక (కొమ్మ మీదనే మొలిచి చెట్టు రసం పీల్చే మొక్క) పట్టిన కొమ్మలు మాత్రమే తీయాలె. కరెంటోళ్లు వచ్చి తీగల కింద కొమ్మలు కొట్టిపోతరు, అది మన చేతుల లేదు, కానీ కొట్టిన కాడ మనం మందు పూయొచ్చు.

ఆ మందు బోర్డో పేస్టు, ఇంట్లనే చేసుకోవచ్చు:

ప్లాస్టిక్ బకెట్ల అర లీటర్ నీళ్లు పోసి మైలుతుత్తం 100 గ్రాములు కరిగించండి. ఇంకో దాంట్ల అర లీటర్ నీళ్లల్ల సున్నం 100 గ్రాములు కలపండి. రెండూ కలిపి మూడో దాంట్ల ఒక్కసారే పోస్తూ కట్టెతోని తిప్పండి, లేత నీలం రంగు గంజి తయారైతది. ఇనుప, స్టీలు, జర్మన్ గిన్నెలు వాడొద్దు, వంటింటి గిన్నెలైతే అసలే వద్దు.

పూసే ముందు చెకింగ్ ఉంది. తుప్పు లేని ఇనుప మొలను నిమిషం సేపు ముంచి తీయండి. మొల మీద రాగి రంగు పూత కనపడితే సున్నం తక్కువైందన్నట్టు, ఇంకొంచెం సున్నం కలిపి మళ్ల ముంచి చూడండి. మొల ఎట్లున్నది అట్లనే వస్తే రెడీ. ఈ చెకింగ్ చేయకుండ పూస్తే బెరడు కాలుతది. కలిపిన రోజే వాడాలె, మిగిలింది దాచిపెట్టినా పని చెయ్యదు. కొమ్మ కోసిన కాడ, కాండానికి నేల నుంచి రెండు మూడు ఫీట్ల ఎత్తు దాక పాత బ్రష్షుతోని పూయండి. చేతులకు కవర్లు తొడుక్కోండి, పిల్లల్ని దూరం ఉంచండి.

ఇదంతా మాతోని కాదంటే మందుల దుకాణంల కాపర్ ఆక్సీక్లోరైడ్ పొడి తెచ్చి నీళ్లల్ల చిక్కగ కలిపి పూయొచ్చు. పండుగలకు గోడలకు వేసినట్టు సున్నం, జాజు చెట్టుకు వేస్తరు గదా, అది చూడ సక్కగుంటది, చెదలు ఎక్కితే తొందరగ కనపడ్తది, తెగులుకు మందు మాత్రం కాదు.

6. ఎరువు

తక్కువ చెప్తా. మామిడికి ఇప్పుడు ఏం వద్దు, దాని ఎరువు తొలకరిల వేయాలె. నిమ్మకు సంక్రాంతప్పుడు రెండు తట్టల మాగిన పశువుల ఎరువు, కిలో వేపపిండి. జామకు తట్టెడు. పచ్చి పెంట వేయొద్దు, వేడికి వేర్లు మాడుతయ్, చెదలను, వేరు పురుగును మనమే పిలిచినట్టయితది. మాగిందో లేదో వాసన చూస్తే తెల్సిపోతది, పెంట వాసన వస్తే ఇంకా మాగలేదు, వాన పడ్డ మట్టి వాసన వస్తే మాగింది. కరివేపాకుకు పుల్లటి మజ్జిగ పోస్తం అంటరు, మంచిదే, ఒకటికి పది నీళ్లు కలిపి నెలకోసారి చాలు, రోజూ పోస్తే చీమలు, వాసన తప్ప ఏముండదు.

7. నీడ కొలుచుకోండి

చలికాలం సూర్యుడు దక్షిణం దిక్కు వంగి పోతడు. డిసెంబర్ల మన దగ్గర మిట్ట మధ్యాహ్నం కూడ 10 ఫీట్ల గోడకు ఉత్తరం దిక్కు దాదాపు 9 ఫీట్ల నీడ పడ్తది. రెండంతస్తుల ఇల్లైతే 20 ఫీట్ల దాక. ఎండాకాలం ఎండల మాడిన జాగ ఇప్పుడు రోజంతా నీడల ఉంటది, అక్కడ పెట్టిన కుండీలల్ల నీళ్లు ఆరక వేర్లు కుళ్లుతయ్. నిమ్మ, దానిమ్మ, మల్లె, గులాబి, మందారం కుండీలను దక్షిణం దిక్కుకు గానీ మిద్దె మీదికి గానీ జరపండి. నేల మీదున్న చెట్టును జరపలేం కాబట్టి ఉత్తరం దిక్కున్న చెట్లకు నీళ్లు సగం చేయండి, అంతే. మిద్దె మీద కోతులతోని కష్టం అంటరా, నిజమే, హనుమకొండల దానికి మందు ఇంకా ఎవ్వరు కనిపెట్టలే, జాలి కట్టుకునుడే.

8. పురుగులు, తెగుళ్లు

మామిడి పూత మీద రెండు వస్తయ్. ఒకటి తేనెమంచు పురుగు, చెట్టు కిందికి పోతే టపటప మొకం మీద తగులుతయ్, ఆకులు జిగట జిగట అయితయ్, తర్వాత ఆ జిగట మీద నల్లగ మసి పడ్తది. రెండోది బూడిద తెగులు, పూత గెల మీద పిండి చల్లినట్టు తెల్లగ అయ్యి పూలు రాలుతయ్, రాత్రి సలి, పొద్దున మంచు, పగలు ఎండ ఉన్న రోజుల్ల ఎక్కువ.

పూమొగ్గ కనపడంగనే, పూలు విచ్చుకోక ముందే, లీటర్ నీళ్లకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, కరగనీకె కొంచెం సబ్బు కలిపి కొట్టండి. బూడిద కనపడితే నీళ్లల్ల కరిగే గంధకం పొడి లీటరుకు 3 గ్రాములు. వేపనూనె కొట్టినంక గంధకానికి రెండు వారాలు గ్యాప్ ఉండాలె, రెండూ కలిస్తే ఆకులు మాడుతయ్. పూలు విచ్చుకున్నంక ఏ మందూ కొట్టొద్దు, ఈగలు, తేనెటీగలు వస్తేనే పిందె పడ్తది, మందు వాసనకు అవి రాకుంటే పూత ఎంత విరగబూసినా రాలుడే. మొకానికి గుడ్డ కట్టుకొని గాలి లేనప్పుడు పొద్దుగాల కొట్టండి, బాయి, నీళ్ల సంపు మూత పెట్టుకోండి.

మునగకు బొంత పురుగులు పగటి పూట కాండం మీద గుంపుగ ఉంటయ్. కాగడ పెట్టి కాలుస్తరు, కాండం కూడ కాలుతది కాబట్టి నాకైతే నచ్చదు. చేతికి కవర్ వేసుకొని చీపురుతోని సబ్బు నీళ్ల బకెట్లకు ఊడ్వండి, వెంట్రుకలు ఒంటికి తగిలితే దద్దుర్లు లేస్తయ్. మందారం, జామ, సీతాఫలంకు పిండినల్లి (తెల్లగ పిండి లెక్క అంటుకునే పురుగు) పడితే పైపు నీళ్లు గట్టిగ కొట్టండి, పొద్దున కొడితే సాయంత్రానికి ఆరుతది, తర్వాత వేపనూనె. సీతాఫలం కొమ్మలకు నల్లగ ఎండి వేలాడే కాయలుంటయ్, అవి తెంపి బయట పడేయండి. చీమలు ఎక్కుతుంటే కాండం చుట్టు జానెడు వెడల్పు పాలిథిన్ చుట్టి పైన గ్రీజు రాయండి, గ్రీజు బెరడుకు తగలొద్దు.

9. చిన్న మొక్కలు, ఆదిలాబాద్ దిక్కోళ్లు

ఈ వానాకాలం పెట్టిన మొక్కలు, అరటి పిల్లలు, బొప్పాయి – వీటికే చలి తగులుతది, అది కూడ రాత్రి 8–10 డిగ్రీలకు దిగినప్పుడు. నాలుగు కట్టెలు పాతి మీద, మూడు దిక్కులా గోనె సంచి కట్టండి, తూర్పు-దక్షిణం దిక్కు తెరిచి ఉంచితే పొద్దున ఎండ పడ్తది. ప్లాస్టిక్ కవరు ఆకుకు ఆనేటట్టు చుట్టొద్దు, లోపల చెమ్మ పట్టి కుళ్లుతది. చలి గాలి వచ్చేదుందని తెలిస్తే ముందటి రోజు పగలు నీళ్లు పోయండి, తడి నేల రాత్రి వెచ్చగ ఉంటది. అరటి గెల వేసి ఉంటే దాని ఎండుటాకుల్నే గెల చుట్టు కట్టండి.

కడియం నుంచి లారీలల్ల వచ్చిన నర్సరీ మొక్కలు డిసెంబర్ల రోడ్డు మీద మస్తు అమ్ముతరు. కొంటే కొన్నరు కానీ తెచ్చిన రోజే నేలల పెట్టకండి, పది రోజులు వరండాల అలవాటు చేయండి. తొందర లేదంటే తొలకరి దాక ఆగుడే మంచిది.

చచ్చిందా, బతికే ఉందా

సీతాఫలం, మునగ ఆకు రాలుస్తయ్, అది వాటి గుణం. అనుమానం ఉంటే పెన్సిల్ మందం కొమ్మ మీద గోరుతోని బెరడు గీకండి. కింద పచ్చగ తడిగ ఉంటే పానం ఉంది. గోధుమ రంగుల పొడిగ ఉంటే ఇంకా కిందికి, లావు కొమ్మ మీద, తర్వాత మొదట్ల గీకి చూడండి. ఎక్కడ పచ్చ తగుల్తదో అక్కడిదాక చెట్టు బతికే ఉంది, ఆ పైన ఎండింది ఇప్పుడే నరకకుండ శివరాత్రి దాక ఆగండి, కొన్నిసార్లు చచ్చిందనుకున్న కొమ్మ కూడ చిగురేస్తది.

జామ, దానిమ్మ ముదురాకులు ఎర్రగ, ఊదాగ అయ్యుడు చలికి మామూలే, కొత్త చిగురు పచ్చగ వస్తే ఏం చేయొద్దు. నిమ్మ ఆకు ఈనెలు పచ్చగ ఉండి మధ్యల పసుపుగ అయితే అది పోషకాల లోపం, ఎక్కువగ జింకు, ఫిబ్రవరిల కొత్త ఆకు వచ్చినంక చూసుకోవాలె. కరివేపాకు పసుపు పడితే ముందు నీళ్లు తగ్గించి చూడండి, పదిల ఎనిమిది మందికి అక్కడ్నే తీరిపోతది.

వేప గురించి కూడ అడుగుతున్నరు. 2021ల తెలంగాణ అంతట వేప చెట్లు కొసల నుంచి ఎండిపోయినయ్, అందరం భయపడ్డం. అది కొసల నుంచి ఎండబెట్టే బూజు తెగులు, వానాకాలం చివర మొదలై చలికాలంల ఎక్కువ కనపడ్తది. చానా చెట్లు ఎండాకాలం ముందట మళ్ల చిగురేసినయ్. కాబట్టి ఎండంగనే కొట్టేయకండి, చిన్న చెట్టైతే ఎండిన కొసలు తీసి కాల్చి, కోసిన కాడ పేస్టు పూయండి, పెద్ద చెట్టును దాని మానాన వదిలేయండి.

శివరాత్రి తర్వాత

చలి పోయినంక కరివేపాకును నడుం ఎత్తుకు కత్తిరించి ఎరువేయండి, గుబురుగ వస్తది. సీతాఫలంల అడ్డదిడ్డం కొమ్మలు తీసి నీళ్లు మొదలు పెట్టండి. కుండీలు మార్చేది ఉంటే అప్పుడే. గోనె సంచులు తీసేయండి, గడ్డి మాత్రం ఉంచండి, ఎండాకాలం దానితోనే అసలు పని.

వీటన్నిటికి లొంగని రోగం ఉంటే ఫోటో పట్టుకొని దుకాణానికి పోకండి, వాళ్లు మూడు డబ్బాలు చేతుల పెడ్తరు. తాజాగ తెంపిన ఆకులు, ఒక చిన్న కొమ్మ, పాదుల పిడికెడు మట్టి వేరే వేరే కవర్లల్ల పెట్టుకొని ములుగు రోడ్డుల ఉన్న వ్యవసాయ పరిశోధనా స్థానంల చూపియ్యండి, లేకుంటే కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551కు ఫోన్ చేయండి, తెలుగుల మాట్లాడ్తరు, పైసలు పడయ్. ఫోన్ చేసే ముందు చెట్టు వయసు, నేల రకం, ఆఖరిసారి నీళ్లు ఎప్పుడు పోసిండ్రు అనేది చూసుకొని ఉండండి, ఫస్టు అవే అడుగుతరు.